ఇరవై డిగ్రీల గది

పీణ్య రెండో స్టేజీలో, రేకుల షెడ్డు వెనక
మా గది ఒక్కటే చల్లగా ఉండేది.
మనుషుల కోసం కాదు, గేజీల కోసం.
ఏప్రిల్ ఎండకి గ్రైండర్ల దగ్గర
మగాళ్ల బనీన్లు పిండితే నీళ్లు కారుతుంటే
నేనూ ఫ్లావియా కుముదవల్లీ
స్వెట్టర్లు తొడుక్కుని కూర్చునేవాళ్లం.

లోపలికి పోయే ముందు చెప్పులు గుమ్మం బయట,
గాజులు మేకుకి.
క్యారియర్ ఇవ్వడానికొచ్చిన మా అత్త
మేకుకి వేలాడే నా మట్టిగాజులు చూసి
గేటు దాకా తిట్టుకుంటూ పోయింది,
మొగుడు బతికుండగా బోసి చేతులేమిటని.
ఆమెకేం చెప్పను?
గాజు తగిలితే అద్దంలాంటి ఉక్కు మీద
వెంట్రుకలో ఇరవయ్యో వంతు గీత పడుతుందనీ
ఆ గీత నా జీతం మీద పడుతుందనీ?

మొదటి రోజు చెన్నవీరప్ప సారు
ప్లగ్ గేజీని తోలుగుడ్డతో పట్టుకుని చూపించాడు.
"బిసి కై బేడమ్మా."
వేడి చెయ్యి వద్దు.
ఒంటి వేడికి ఉక్కు పొంగుతుందట.
పాలు పొంగడం తెలుసు, ఎసరు పొంగడం తెలుసు,
ఉక్కు పొంగడం ఆ రోజే విన్నాను.
నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

గేజీకి ఒక కొస గో, ఇంకో కొస నో-గో.
గో దూరాలి. నో-గో దూరకూడదు.
ఆ రెంటి మధ్య సందులో
పద్నాలుగేళ్లు కూర్చున్నాను.

ఓబులపతిది హిందూపురం పక్క ఊరు.
రవ్వల రంగు చూసి కొలత చెప్పేవాడు.
అతని ట్రే వస్తే మేం ముగ్గురం పోటీపడేవాళ్లం,
తొందరగా పనైపోతుందని.

ఆ శ్రావణంలో నాకు జ్వరం.
సెలవు పెడితే హాజరు బోనస్ పోతుందని వచ్చాను.
తోలుగుడ్డ మాటిమాటికీ జారుతుంటే విసుగొచ్చి
వట్టి చేత్తోనే పట్టుకున్నాను ఒక్కొక్కటీ,
కాలుతున్న అరచేతికి హాయిగా ఉందని
కాస్త ఎక్కువసేపే.
ఇరవై అయిదు మిల్లీమీటర్లవి పదకొండు
కొలత దాటాయి. రెండు మైక్రాన్లు, మూడు.
ఎర్ర పెయింటు పూశాను.
రిజిస్టరులో ఓబులపతి పేరుకెదురుగా రాశాను.

మర్నాడు జ్వరం దిగింది.
ఎర్రచుక్కలతో రాత్రంతా ట్రేలో చల్లారినవాటిని
ఎందుకో మళ్లీ కొలిచాను.
పదకొండూ సరిగ్గా ఉన్నాయి.

ఫ్లావియా శిలువ గుర్తు వేసుకుంది.
థిన్నరుతో ఎరుపు తుడిచేశాం.
రిజిస్టరు మాత్రం అప్పటికే ఆఫీసు మెట్లెక్కింది.
అతని ఇన్సెంటివ్‌లో నూట ఎనభై కోత.

క్యాంటీన్ బల్ల దగ్గర చెప్పేశాను.
ముద్ద తుంచుతూ విన్నాడు. తిడతాడనుకున్నాను.
"అయితే నేను బాగానే గ్రైండు చేసినానన్నమాట," అన్నాడు.
చారులో ముంచి, మింగి,
"జొరం ఎంతుండె?"
"నూట రెండు."
"నూట రెండుకి మూడు మైక్రాన్లేనా!"
డబ్బులివ్వబోతే గిన్నె తీసుకుని లేచిపోయాడు.

సారుకి చెప్పానా?
చెప్పలేదు.
ఆయన రిటైరైన రోజు పూలదండ నేనే వేశాను,
అప్పుడూ చెప్పలేదు.

మొన్న దాసరహళ్లిలో గాజుల అంగడికి పోయాను.
ఒకప్పుడు నాది రెండూ ఆరు.
ఇప్పుడు రెండూ ఎనిమిది కూడా
బొటనవేలి ఎముక దగ్గర ఆగింది.
"నో-గో" అన్నాను పైకి.
అంగడి ముసలాయనకి అర్థం కాలేదు.
నా వేళ్లు ఒత్తి చూసి, చెంబు జరిపి,
"చెయ్యి వేడిగా ఉంది తల్లీ,
కాసేపు చన్నీళ్లలో పెట్టు, అదే దూరుతుంది," అన్నాడు.

పెట్టాను.
జాలహళ్లి క్రాస్ బస్సు వచ్చింది, పోయింది.